చార్టుల లేని వాన

బిక్షమన్న ముచ్చట తీస్తే మా గేటు కాడ డ్రైవర్లంత నవ్వుతరు. వాన సంగతి ఇంగ్లీషుల చెప్పుడు నేర్చుకున్నంక కొలువు పోగొట్టుకున్నోడని. నవ్వనియ్యి. నేనైతే నవ్వ. ఆ కొలువు పోయిన కాగితాలల్ల డెబ్బై రెండు చోట్ల ఉన్నది నా చేతిరాతనే.

నా పేరు రేచల్. సాతంరాయి కాడికెల్లి విమానాల దిక్కు పోయే రోడ్డు మీద ఒక గోదాముల కంపెనీ ఉన్నది. దాని గేటు కాడ నాది సెక్యూరిటీ డ్యూటీ. లారీ నంబర్లు రాసుడు, లోపటికి పోయేటోళ్ల ఫోన్లు జమ చేసుకునుడు, వాకీటాకీల వచ్చిన ప్రతి మాట రిజిస్టర్ల ఎక్కిచ్చుడు నా పని. లోపట నాలుగు షెడ్లు. వాటి నిండ మందుల డబ్బాలు, దేశం దాటి పోయేటియి. విమానం ఎక్కేదాక వాటికి తడి తగలొద్దు. అందుకోసం వాన చూసేతందుకు ఒక మనిషిని పెట్టుకున్నరు. ఆ మనిషే బిక్షమన్న.

ఎన్కట ఆ జాగల కుంట ఉండె. కుంట కింద బిక్షమన్నోళ్ల మడి ఉండె. ఆయన నాయిన పెంటయ్య ఊరికి నీరడి. ఎవల మడికి ఎన్ని నీళ్లు ఇడువాలె, తూము ఎప్పుడు తీయాలె, ఎప్పుడు మూయాలె, ఇదంత నీరడే చూస్తుండె. బిక్షమన్న చిన్నప్పటి సంది నాయిన ఎంట తూము మీద కూసున్నోడే. తర్వాత కుంటను మొరం పోసి పూడ్చిండ్రు. కుంట ఉన్నకాడ యార్డు అయింది, మడి ఉన్నకాడ మూడో షెడ్డు లేసింది. నీరడి పని పోయింది గని మనిషి మాత్రం అక్కడనే మిగిలిండు. మొరం లారీలకు దారి చూపిండు, గోడ కట్టేటప్పుడు కావలున్నడు, ఆఖరికి మోరీలు తీసే పనిల చేరిండు. పాత మేనేజర్ ఒకాయన మంచోడు, "నీళ్లు ఎటు పోతయో నీకే ఎరుక, వాన సంగతి నువ్వే చూసుకో" అని వాకీటాకీ చేతిల పెట్టిండు.

ఇగ ఆయన వాన చూసే తీరు చెప్త. మూడో షెడ్డు ఎనక ఒక దిమ్మె మీద నిలబడి పహాడీ షరీఫ్ గుట్ట దిక్కు చూస్తడు. గుట్ట మీది దర్గా తెల్లగ కనపడితే వాన లేదు. మసకగ కనపడితే ఇంకో గంట. అసలే కనపడకుంటే, "చెల్లె, గుట్ట పోయింది. యార్డుల డబ్బాలు లోపటికి జరపమను" అని నాకు చెప్తడు. నేను అదే రిజిస్టర్ల రాస్త. గుట్ట పోయింది, మధ్యాహ్నం రెండు గంటలు. పడమటికెల్లి వచ్చే వాననైతే మొగులు రంగు చూసి, గాలి వాసన చూసి చెప్తడు. ఆరేండ్లల ఒక్క డబ్బ తడువలే. ఇంత సక్కగ నడిచే పనిని ఏ కంపెనీ అయినా ఊకెనే ఇడిచిపెడ్తదా?

మొన్న ఎండాకాలంల కొత్త మేనేజర్ వచ్చిండు, అరుణ్‌కుమార్ సార్. కోస్తా దిక్కు మనిషి, మాట మస్తు మెత్తగ ఉంటది. అందరిని గారు అంటడు. తిట్టినా గారు అనే తిడ్తడు, మనల్ని తిట్టిండని ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు గని సమజ్ కాదు. వచ్చిన మూడో దినమే నా రిజిస్టరు తిరగేసిండు.

"రేచల్ గారూ, ఈ గుట్ట పోయింది అంటే ఏంటండి?"

"వాన రిపోర్టు సార్."

"గుట్ట ఎక్కడికి పోయిందండి?"

"ఎక్కడికి పోలే సార్. వాన దాని మీదున్నదని."

"హెడ్డాఫీసు వాళ్లు ఇది చదివితే హైదరాబాద్‌లో గుట్టలు మాయమైపోతున్నాయనుకుంటారు" అన్నడు. ఆ హెడ్డాఫీసు సముద్రం అవతల ఎక్కడనో ఉన్నది. ఆళ్లు గుట్టను చూడలే, వానను చూడలే, మమ్ములను అంతకన్నా చూడలే. అయినా అప్పటి సంది వాన పడితే ఆళ్లకు అర్థమయ్యేటట్టు పడాలె.

గట్ల మా క్యాంటీన్ల ఇంగ్లీషు క్లాసు మొదలయింది. నాలుగు శనివారాలు. చెప్పేతందుకు సిటీ నుంచి ప్రియదర్శిని మేడం వచ్చేది. సదువుకున్న పిల్ల, మంచి పిల్లనే, చిన్న గొడుగు ఒకటి పర్సుల పెట్టుకోని తిరిగేది. మొదటి దినమే గోడకు ఒక చార్టు కొట్టిచ్చింది. ప్లాస్టిక్ అంటిచ్చిన చార్టు, వాన పేర్ల చార్టు తడువొద్దని. ఎడమ పక్క మాట, నడుమ బొమ్మ, కుడి పక్క మేం చేయాల్సిన పని. డ్రిజిల్ అంటే సన్న తుంపర, పని ఏం లేదు, యాక్షన్ నిల్. షవర్ అంటే జల్లు, యార్డుల పట్టాలు కప్పాలె. హెవీ రెయిన్ అంటే పెద్ద వాన, షటర్ తీయాలె. డౌన్‌పోర్ అంటే దంచి కొట్టుడు, పని బందు. క్లౌడ్‌బరస్ట్ అంటే అందరు బయటికి ఉరుకుడే.

ఈ షటర్ సంగతి జర చెప్పాలె. నాలుగు షెడ్ల నీళ్లు ఒక పెద్ద మోరీల పడి, ప్రహరీ కింద ఉన్న ఇనుప షటర్ల నుంచి అవతలికి పోతయి. అవతల ఇంకో కంపెనీ లారీలు ఆగే జాగ. మా నీళ్లు పోయినప్పుడల్ల ఆళ్లు ఉత్తరం రాస్తరు. అందుకని షటర్ ఎప్పుడు మూసే ఉండాలె, హెవీ రెయిన్ అని రిపోర్టు వస్తేనే, సార్ సరే అంటేనే తీయాలె. బిక్షమన్న మాత్రం దాన్ని షటర్ అనలే ఏనాడు. తూము అనేటోడు.

అరగంటకోసారి, పొద్దుగాల ఆరున్నర నుంచి మాపటికి ఆరు దాకా, బిక్షమన్న వాకీటాకీల చార్టుల మాటనే చెప్పాలె. చార్టుల లేని మాట చెప్పినా, తప్పు మాట చెప్పినా ఒక నల్ల మార్కు. మూడు మార్కులు పడితే మెడల కార్డు టేబుల్ మీద పెట్టి పోవుడే. సార్ ఆ మాట అన్ననాడు బిక్షమన్న తన కార్డును చేతితోని పట్టుకోని చూసుకున్నడు. యాభై నాలుగేండ్ల మనిషి. ఆ గోడ లోపట తప్ప ఆయనకు వేరే కొలువు ఎవలియ్యరు, ఆయనకు వేరే జాగ గూడ ఎరుక లేదు.

నాకైతే ఆ క్లాసుల నిద్రొచ్చేది. బిక్షమన్న మాత్రం ముందు బెంచిల కూసోని చెవులు అటే వేసేటోడు. మేడం చార్టు అయిపోయినంక ఇంగ్లీషోళ్లు వాన మీద ఎన్నెన్ని మాటలు అంటరో చెప్పేది. పెద్ద వాన వస్తే ఆళ్లు కుక్కలు పిల్లులు పడుతున్నయి అంటరట. మేమంత నవ్వినం. బిక్షమన్న నవ్వలే.

"మేడం, గవన్ని పడితే మోరీ జాలీల ఇరుక్కుంటయి గద. మరి నీళ్లెట్ల పోతయి?"

"అది ఊరికే అనే మాటండి. నిజంగా పడవు."

"పడనియి పడినయని రిపోర్టు చేస్తే మార్కు పడదా?"

మేడం ఎనక బెంచిల కూసున్న సార్ దిక్కు చూసింది. సార్ ఫోన్ దిక్కు చూసిండు.

ఇంకో వారం ఇంకో మాట చెప్పింది. కష్టకాలం కోసం ఏమన్న దాచిపెట్టుకుంటే, ఇంగ్లీషుల వాన దినం కోసం దాచుకున్న అంటరట. ఇది బిక్షమన్నకు అసలే మింగుడు పడలే. "వాన పడ్డ దినం కష్టమేంది మేడం? మేం వాన పడని దినానికి దాచుకునేటోళ్లం" అన్నడు. విమానాలు లేటయితే బ్యాడ్ వెదర్ అని చెప్తరు గద, దాని మీద గూడ లొల్లి పెట్టిండు. మొగులు పట్టి సల్లగ ఉంటే బ్యాడ్ అంట, భూమి పర్రెలు వారేటట్టు ఎండ కొడితే గుడ్ అంట, ఇదేం లెక్క అని. మేడంకు కోపం రాలే. ఇది నేర్చుకోండి చాలు, ఎందుకని అడగొద్దు అన్నది.

మూడో శనివారం బిక్షమన్న లేసి నిలబడ్డడు. "మేడం, ముసురుకు ఏమంటరు?"

"ముసురు అంటే సన్నగా పడేదే కదండి. అది కూడా డ్రిజిలే."

"డ్రిజిల్ ఎంతసేపుంటది?"

"కొంచెంసేపు."

"ముసురు మూడు దినాలుంటది మేడం. ఒక్కోసారి అయిదు."

"అయితే మూడు రోజుల డ్రిజిల్ అనుకోండి."

బిక్షమన్న చార్టును పైకెల్లి కింది దాక చూసిండు. "మీ మాటలన్ని పైకెల్లి పడేటియే ఉన్నయి మేడం. కింద నిలిచేది ఒక్కటి గూడ లేదు" అన్నడు. మేడం వాచీ చూసుకుంది. టైం అయిపోయింది.

ఇంట్ల రుక్మిణమ్మ వదిన, అంటే ఆయన భార్య, పాపం తిప్పలు పడింది. వదిన వాకిట్ల సాన్పి చల్లుతుంటే ఎనకకెల్లి వచ్చి, "చేతితోని చల్లితే డ్రిజిల్, చెంబుతోని పోస్తే షవర్, బిందె గుమ్మరిస్తే డౌన్‌పోర్" అని చదివేటోడట. ఒకనాడు వదినకు తిక్కలేసి బిందెడు నీళ్లు ఆయన నెత్తి మీదనే గుమ్మరిచ్చింది. ఆయన మొకం తుడుసుకోని డౌన్‌పోర్ అన్నడట. ఈ సంగతి వదిననే నాకు ఫోన్ చేసి చెప్పి నవ్వింది.

ఆఖరి శనివారం పరీక్ష పెట్టిండ్రు. క్లాసు మొత్తంల బిక్షమన్నకే ఎక్కువొచ్చినయి. సర్టిఫికెట్ తర్వాత ఇస్తమన్నరు.

వానకాలం మొదలయింది, మార్కులు గూడ మొదలైనయి. మొదటి మార్కు జూన్ల. మాపటి పూట బిక్షమన్న గుట్ట దిక్కు చూసి "డౌన్‌పోర్ సార్, ఓవర్" అన్నడు. సార్ ఆఫీసుకెల్లి బయటికొచ్చి చెయ్యి చాపి చూసిండు. ఒక్క చినుకు లేదు. "బిక్షం గారూ, రిపోర్ట్ అంటే ఉన్నది చెప్పాలండి, రాబోయేది కాదు" అన్నడు. ఇరవై నిమిషాలకు దంచి కొట్టింది. యార్డుల పన్నెండు డబ్బాలు తడిసినయి, ఆరేండ్లల మొదటిసారి. ఆయన చెప్పింది నిజమే అయింది గద సార్ అని నేనన్న. నిజం కావచ్చు గాని టైముకు కాలేదు అన్నడు. మార్కు మార్కే. ముందుగాల చెప్పినందుకు మార్కు పడ్డ మనిషిని నేను గప్పుడే చూసిన.

రెండోది జులై మొదట్ల. పొద్దుగాల మొగులు బూడిద రంగుల కిందికి దిగింది, గాలి లేదు, ఈగలు లోపటికి ఉరుకుతున్నయి. వాకీటాకీల బిక్షమన్న నోరు జారి, "ముసురు పట్టేటట్టున్నది సార్" అన్నడు. చార్టుల లేని మాట. అది గూడ పట్టేటట్టున్నది అన్నడు, ఇంకా పట్టలే. ఒక్క ముక్కల రెండు తప్పులు చేసినా సార్ ఒకటే మార్కు వేసిండు. దయ గల మనిషి మరి.

ఆ మాపటి నుంచే ముసురు పట్టింది.

ముసురు చూసినోళ్లకు చెప్పే పని లేదు. ఉరుము లేదు, మెరుపు లేదు. వాన పడుతున్నట్టే ఉండదు, గని బయటికి పోయి వస్తే చీర అంచు నుంచి కొప్పు దాక తడిసి ఉంటది. ఉతికిన బట్ట ఆరదు, ఉప్పు నీళ్లయితది, పొద్దు ఎప్పుడు లేసిందో ఎప్పుడు గూకిందో తెలువది. బిక్షమన్న అరగంటకోసారి చెప్తనే ఉన్నడు. డ్రిజిల్ సార్, ఓవర్. డ్రిజిల్ సార్, ఓవర్. నేను రాస్తనే ఉన్న. డ్రిజిల్, నిల్. డ్రిజిల్, నిల్. మొదటి దినం ఇరవై నాలుగు సార్లు. రెండో దినం ఇరవై నాలుగు సార్లు. ప్రియదర్శిని మేడం మా ఫోన్ గ్రూపుల చప్పట్ల బొమ్మ పెట్టింది, బిక్షం గారి రిపోర్టింగ్ చాలా మెరుగుపడింది అని. సార్ గూడ బొటనవేలు బొమ్మ పెట్టిండు.

మూడో దినం పొద్దుగాల బిక్షమన్న గేటు కాడికొచ్చిండు. ప్యాంటు మోకాళ్ల దాక మడిచి ఉంది, కండ్లు ఎర్రగున్నయి.

"చెల్లె, భూమి ఇగ తాగుతలేదు. కడుపు నిండింది దానికి. కుంట ఉన్నకాడికెల్లి నీళ్లు కిందికెల్లి వస్తున్నయి. మొరం పోసినంత మాత్రాన నీళ్లు తొవ్వ మర్చిపోతయా? మోరీ అంచు దాకొచ్చింది. తూము తీయకుంటే మాపటికి మూడో షెడ్డులకు ఎక్కుతది."

"సార్‌కు చెప్పు అన్నా."

నా ముందట్నే వాకీటాకీల అడిగిండు. "సార్, జర షటర్ తీయనియ్యుండ్రి."

"ఇప్పుడు ఏ వాన పడుతోంది బిక్షం గారూ?"

"డ్రిజిల్ సార్."

"డ్రిజిల్‌కు చార్ట్ ఏం చెబుతోంది?"

"నిల్ సార్."

"మరి మీకే తెలుసు కదండి" అని సార్ పెట్టేసిండు.

నాకు పానం ఆగలే. చుట్టు ఎవలు లేరని చూసి మెల్లగ చెప్పిన. "అన్నా, ఒక్కసారి హెవీ రెయిన్ అను. సార్ ఆఫీసు తలుపులు మూసుకోని ఏసీల ఉన్నడు, ఏం చూస్తడు? హెవీ రెయిన్ అంటే తీయమంటడు. నీళ్లు పోతయి, నీ కార్డు నీకుంటది. నేను గూడ గదే రాస్త."

నేను ఇయ్యాల్టికి గూడ అనుకుంట, ఆయన గా ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన నా దిక్కు చూసిన చూపు ఎట్లున్నదంటే, నేనేదో అనరాని మాట అన్నట్టు.

"వాన మీద అబద్ధం చెప్పాల్నా చెల్లె? మా నాయిన ఊరందరి నీళ్లకు కావలున్నోడు. ఎవల మడికి ఎన్ని నీళ్లు ఇడిచిండో అడిగితే, తన్నులు పడేటట్టున్నా ఉన్నదే చెప్పేటోడు. పడేది తుంపర. తుంపర అనే చెప్త."

"చెప్తే మునుగుతది గద."

"మునగనియ్య. చెప్పుడు వేరే, తీసుడు వేరే."

గట్ల అని లోపటికి పోయిండు. మధ్యాహ్నం రెండు గంటలకు వాకీటాకీ మోగింది. ఎప్పటి లెక్కనే నిమ్మళంగ చెప్పిండు. "డ్రిజిల్ సార్. షటర్ తీసిన. ఓవర్."

నేను రాసిన. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసిన. డ్రిజిల్. షటర్ ఓపెన్. పర్మిషన్, నిల్.

నీళ్లు నాలుగు గంటల సేపు పోయినయి. గేటు కాడికి గూడ ఆ చప్పుడు ఇనొచ్చింది. సార్ ఉరికొచ్చే వరకు బిక్షమన్న చక్రం తిప్పి షటర్ తీసేసి, దాని మీద చెయ్యేసి నిలబడి ఉన్నడట. నాయిన తూము మీద నిలబడ్డట్టే నిలబడి ఉంటడు, నేను చూడలే. మాపటికి ఆరు గంటలకు ఆఖరి రిపోర్టు ఇచ్చిండు. డ్రిజిల్ సార్. అది డెబ్బై రెండోది. మూడో షెడ్డులకు చుక్క రాలే.

రాకపోవుడే తప్పయింది.

తెల్లారి ఆఫీసుల పంచాది. రిజిస్టరు పట్టుకోని నన్ను గూడ పిలిచిండ్రు. హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది, పక్క కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, లారీల కింద బురద అయిందని. సార్ గొంతు ఎప్పటికన్న మెత్తగున్నది. అప్పుడే అనుకున్న, ఇగ అయిపోయిందని.

"షెడ్డులో నీళ్లు వచ్చాయా బిక్షం గారూ?"

"రాలే సార్."

"డబ్బాలు తడిశాయా?"

"ఒక్కటి గూడ తడువలే."

"మరి షటర్ ఎందుకు తీశారు?"

"తీసిన గాబట్టే రాలే సార్."

"అది మీ అభిప్రాయమండి. తీయకపోతే వచ్చేవని రుజువేంటి?"

బిక్షమన్న తల గోక్కున్నడు. "రుజువు గావాలంటే మునగాలె సార్" అన్నడు.

మోరీ అంచు దాక నీళ్లొచ్చినట్టు ఫోటో ఉన్నదా అంటే లేదు. ఫోన్లన్ని నా గేటు కాడ డబ్బల ఉంటయి. కెమెరాలు షెడ్ల లోపట ఉన్నయి, మోరీ కాడ లేవు, మోరీని ఎవలెత్తుకపోతరని. ఉన్న రుజువు ఒక్క నా రిజిస్టరే. సార్ ఒక్కొక్క పేజీ తిప్పుకుంట వేలు పెట్టి చూపిచ్చిండు. డ్రిజిల్, డ్రిజిల్, డ్రిజిల్. "చూడండి, మీరే చెప్పారు, రేచల్ గారే రాశారు. ఒక్కచోట కూడా పెద్ద వాన లేదు." నీళ్లు అంచు దాకొచ్చినయి సార్, ఆయన నా ముందట్నే చెప్పిండు అన్న. "మీరు చూశారా?" అన్నడు. గేటు ఇడిచి పోతే నాకు మార్కు. నేను చూడలే. చూడలే అనే చెప్పిన.

మూడో మార్కు పడింది. బిక్షమన్న మెడలకెల్లి కార్డు తీసి టేబుల్ మీద పెట్టిండు. ఆయన బయటికొస్తుంటే, యేసయ్య, ఆ కంపెనీ సిగ్గు లేనితనం చూడాలె, ఆఫీసు పిల్ల ఎనకకెల్లి ఉరికొచ్చి ఒక కవర్ చేతిల పెట్టింది. ప్రియదర్శిని మేడం పంపిన సర్టిఫికెట్. వానను ఇంగ్లీషుల వర్ణించుట యందు అత్యుత్తమ ప్రతిభ. దానికి గూడ ప్లాస్టిక్ అంటిచ్చిండ్రు.

బయట సన్నగ పడుతనే ఉన్నది. బిక్షమన్న తుంపర దిక్కు ఒకసారి, సర్టిఫికెట్ దిక్కు ఒకసారి చూసి, దాన్ని నెత్తి మీద పెట్టుకోని బస్టాపు దిక్కు నడిచిండు. నేను గేటు తీసి పట్టుకున్న. పోతున్న చెల్లె అన్నడు, అంతే. నా మీద ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపిచ్చింది.

మాపటికి రుక్మిణమ్మ వదినకు ఫోన్ చేసిన. తిడ్తదేమో అనుకున్న. "ఇంగ్లీషు రాకముందు ఆరేండ్లు కొలువున్నది. వచ్చినంక నెల గూడ ఆగలే" అన్నది.

బిక్షమన్న పని నాకే అంటగట్టిండ్రు. ఒక కుర్చీ, రెండు పనులు. గేటు కాడ కూసోని, చెయ్యి బయటికి చాపి, పడే దాన్ని బట్టి ఒక మాట చెప్పుడు. షటర్ చక్రానికి తాళం వేసి, తాళంచెవి సార్ తన దగ్గరనే పెట్టుకున్నడు.

శ్రావణంల మళ్ల ముసురు పట్టింది. మొదటి దినం డ్రిజిల్ అన్న. రెండో దినం డ్రిజిల్ అన్న. రెండో దినం మాపటికి నాకు గుబులయింది. సార్ ఆ మాపటికే విమానంల బెంగుళూరు పోతున్నడు, వానకాలం జాగ్రత్తల మీద మీటింగ్ ఉన్నదట. పోయేటప్పుడు కారు ఆపి అడిగిన. "సార్, షటర్ తాళంచెవి ఇచ్చి పోండ్రి."

"చార్ట్ ఏం చెబుతోంది రేచల్ గారూ?"

గేటు తీసిన, కారు పోయింది. తాళం పగలగొట్టి బిక్షమన్న లెక్క షటర్ తీయాలె అనుకున్న. పగలగొట్టలే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, నాకు భయమైంది. నా కార్డు నాకు గావాలె.

మూడో దినం పొద్దుగాల మూడో షెడ్డు తలుపు తీస్తే లోపట నీళ్లు అద్దం లెక్క నిలిచున్నయి. గోడకెల్లి రాలే, పైకెల్లి రాలే. బండల సందులకెల్లి ఉబికి వచ్చినయి. కింది వరుస మందుల డబ్బాలన్ని నాని, పొట్టలు పగిలి ఉన్నయి. సార్ మీటింగ్ ఇడిచిపెట్టి పగటి విమానంల ఉరికొచ్చిండు. హెడ్డాఫీసు మెయిల్ గూడ ఆయన ఎంటనే దిగింది. నీళ్లు ఎట్లొచ్చినయో తెలియజేయగలరు అని మొదటి ముక్క. రిపోర్టింగ్ మాత్రం నూటికి నూరు పాళ్లు సరిగ్గ ఉన్నందుకు అభినందనలు అని రెండో ముక్క. ఆ అభినందనలు నాకే. గ్రూపుల చప్పట్ల బొమ్మ గూడ వచ్చింది.

సార్ ప్యాంటు మడిచి నీళ్లల్ల నిలబడి నన్ను పిలిచిండు. మొకం పాలిపోయింది. "రేచల్ గారూ, బిక్షం గారికి ఒకసారి ఫోన్ చేయండి. రేపట్నుంచి వచ్చేయమనండి. మార్కులు కూడా సున్నా నుంచి మొదలుపెడదామని చెప్పండి."

ఆడనే, ఆయన ముందట్నే చేసిన. మొదటి రింగుకే ఎత్తిండు. చెప్పమన్నదంత చెప్పిన.

"చార్టుల ముసురు రాసిండ్రా?" అని అడిగిండు.

సార్‌ను అడిగిన. చార్టు మార్చాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలె, పంపుతం అన్నడు. అదే చెప్పిన.

"రాసినంక చెప్పు చెల్లె. అప్పుడొస్త" అన్నడు. కోపంగ గాదు, మామూలుగనే అన్నడు. ఫోన్ పెడ్తడేమో అనుకున్న. పెట్టలే. మళ్ల అడిగిండు.

"నీళ్లు ఎంతదాకున్నయి?"

కిందికి చూసుకున్న. "చీలమండ దాక అన్నా."

"మూడో షెడ్డులనే గద?"

"ఆఁ, మూడో దాంట్లనే."

"అది మా మడి. వరి నాటుకు సరిగ్గ గంతే గావాలె" అన్నడు.